పెరగడం ఆగిపోయిన ఫొటోలు

తెలుగు పట్టణాల్లో రెండు మూడు తరాల పాటు పిల్లల ఎదుగుదలకు సాక్ష్యం చెప్పినది బజారు వీధిలోని ఫొటో స్టూడియో. మెడ నిలిచిన బిడ్డను బోర్లా పడుకోబెట్టి ఒక ఫొటో తీయించేవారు. పుట్టువెంట్రుకలు తీయించే ముందు ఆ జుట్టు ముడివేసి, కృష్ణుడి వేషం కట్టి మరొకటి. అక్షరాభ్యాసం నాడు పలకతో ఇంకొకటి. ఆడపిల్లకైతే మల్లెలు విరగబూసే వేసవిలో పూలజడ కుట్టించి, వెనుకనున్న అద్దంలో జడ మొత్తం కనబడేలా నిలబెట్టి తీయించిన ఫొటో లేని ఇల్లు కోస్తా మధ్యతరగతిలో అరుదు. ఆ తరువాత ఓణీల వేడుక, పదో తరగతి హాల్‌టికెట్టు, ఉద్యోగ దరఖాస్తు, పెళ్లిచూపులకు పంపవలసిన నిలువెత్తు ఫొటో. ఒకే స్టూడియో, ఒకే స్టూలు, ఒకే మనిషి ముఖం. మారుతున్నది వయసు మాత్రమే.

ఆ స్టూడియో యజమాని పనితనం ఏ కళాచరిత్రలోనూ నమోదు కాలేదు. గచ్చుమెట్లూ పూలతోటా చిత్రించిన తెర, రెండు గొడుగు దీపాలు, గోడకు అద్దం, దాని కింద పౌడరు డబ్బా, దువ్వెన, ఏ కొలతకైనా సర్దుకునే ఒక కోటు అతని సరంజామా. ఫిల్ము ఖరీదైనది కనుక ఏడ్చే బిడ్డకు అతను ఇచ్చే అవకాశాలు ఒకటో రెండో. గిలక్కాయ ఆడించి, చిటికె వేసి, బిడ్డ తలెత్తిన ఆ ఒక్క క్షణాన మీట నొక్కవలసిందే. రాత్రి నెగెటివ్‌ను వెలుతురుకు పెట్టి, సన్నటి పెన్సిలు మొనతో ముఖం మీది మచ్చలను సరిచేసేవాడు. బుగ్గ మీది దిష్టిచుక్కను మాత్రం తీసేయమని ఏ తల్లీ అడిగేది కాదు. కవరులో పెట్టి ఇచ్చిన మూడు కాపీలలో ఒకటి ఇంటికి, ఒకటి అమ్మమ్మగారింటికి, మరొకటి దూరాన ఉన్న మనిషికి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన తండ్రులూ, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులూ తమ పిల్లలు ఎదగడాన్ని చాలాకాలం ఆ కవర్లలోనే చూశారు.

ఆ ఫొటోలలో అన్నిటికంటే విలువైన భాగం వెనుక వైపున ఉండేది. ఇంట్లో చదువు వచ్చినవారెవరో సిరా కలంతో బిడ్డ పేరు, తేదీ, వయసు రాసేవారు. ముందువైపు ముఖాన్ని వెనుకవైపు అక్షరాలు ఒక మనిషిగా స్థిరపరిచేవి. ఈ దేశంలో ఎవరి బాల్యానికి ఏటా ఒక ఫొటో ఉంది, ఎవరికి ఒకటే ఉంది, ఎవరికి అసలే లేదు, ఉన్నా వెనుక పేరు లేనిది ఎవరికి అని అడుగుతూ పోతే ఆ ప్రశ్న కుటుంబ జ్ఞాపకాల దగ్గర ఆగదు. రాజ్యం ఎవరిని మనిషిగా లెక్కించింది, ఎవరిని సంఖ్యగా లెక్కించింది అన్న దగ్గరకు చేరుతుంది.

గాంధీజీ బాల్యానికి మిగిలిన అతి పాత ఛాయాచిత్రం 1876 నాటిది. అప్పటికి ఆయనకు ఏడేళ్లు. దివాన్ ఇంటి కుర్రవాడు కనుక ఆ వయసుకే ఒక ఫొటో దక్కింది, పేరుతో సహా నిలిచింది. సరిగ్గా ఆ ఏడాదే దక్షిణాదిన ధాత కరువు మొదలైంది. 1878 వరకు సాగిన ఆ కాటకం బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టింది. ఆ రోజుల్లో విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలోని కరువు బాధితులను వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఎముకల గూళ్లయిన తల్లుల ఒడిలో, పక్కన, నేల మీద పిల్లలున్నారు. కెమెరా ముందు కదలకుండా ఉండమని వారికీ చెప్పే ఉంటారు. ఆ పిల్లల్లో ఒక్కరి పేరూ చరిత్రకు తెలియదు. అంతకు కొద్దికాలం ముందే, 1868కీ 1875కీ మధ్య, బ్రిటిష్ ప్రభుత్వం ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరిట ఎనిమిది సంపుటాలు అచ్చువేయించింది. అందులో మనుషులను అమర్చింది కులాల వారీగా, తెగల వారీగా. ఒక వ్యక్తి ముఖం ఆ వ్యక్తిది కాకుండా జాతికి నమూనా అయింది.

ఈ విధంగా భారతదేశంలో ఫొటో పుట్టుకతోనే రెండు పాయలుగా చీలింది. ఒక పాయలో ముఖానికి పేరు ఉంటుంది, తీయించుకున్నవారికి కాపీ దక్కుతుంది. మరొక పాయలో ముఖానికి కులమో కరువో శీర్షికగా ఉంటుంది, కాపీ తీసినవారి దస్త్రాలకు పోతుంది. మొదటి పాయకు తెలుగునేల మీద గొప్ప ప్రతినిధి రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఉన్నత కుటుంబాల స్త్రీలు బయటి మగవారి కంట పడకుండా ఫొటో తీయించుకునే ఏర్పాటది. అంతటి జాగ్రత్త, అంతటి మర్యాద ముఖానికి దక్కడం ఆనాడు నవాబుల, జాగీర్దారుల ఇళ్లకే సాధ్యం.

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో బజారు స్టూడియో సాధించినది ఈ మర్యాదను కిందికి దించడం. అద్దె కోటు భూస్వామి కొడుక్కీ పాలేరు కొడుక్కీ ఒకే విధంగా వదులుగా ఉండేది. పూలతోట తెర ముందు నిలబడ్డ పిల్లవాడి వెనుక వాడి వాడ కనిపించేది కాదు. ఆ తెరలను కృత్రిమమని, అభిరుచి లేనివని నవ్వినవారు చాలామంది ఉన్నారు. కానీ ఊరి బావి దగ్గర, హోటలు గ్లాసు దగ్గర అంటరానివాడైన మనిషి కొడుకును ఆ దీపాల వెలుతురులో గడ్డం కాస్త పైకెత్తి కూర్చోమన్న చోటు ఇది. జరుగుబాటు కష్టమైన ఇళ్లు సైతం ఏడాదికొకసారి ఆ ఖర్చు ఎందుకు పెట్టుకున్నాయో ఈ సంగతి తలచుకుంటేనే అర్థమవుతుంది. బిడ్డ బతికింది, ఎదుగుతోంది, పేరు ఇది అని చెప్పుకోవడానికి వారికి ఉన్న కాగితం అదొక్కటే.

అటువంటి వరుస ఎక్కడో ఒకచోట తెగిపోతే ఆ కాగితానికి మరో బరువు వస్తుంది. శ్రీనగర్‌కు చెందిన పర్వీనా అహంగర్ కొడుకును 1990 ఆగస్టులో ఒక రాత్రి భద్రతా బలగాలు పట్టుకుపోయాయి. అతను తిరిగి రాలేదు. 1994లో ఆమె మరికొన్ని కుటుంబాలతో కలిసి అదృశ్యమైనవారి తల్లిదండ్రుల సంఘాన్ని నిర్మించారు. నెలకొకసారి, పదో తేదీన, ప్రతాప్ పార్కులో ఆ తల్లులు ఫొటోలు పట్టుకుని మౌనంగా కూర్చునేవారు. అదృశ్యమైనవారు ఎనిమిది వేలకు పైగా ఉన్నారని సంఘం చెబుతుంది; ప్రభుత్వం చెప్పిన అంకెలు అంతకంటే చాలా తక్కువ. అంకెల మీద ఎంత వివాదమున్నా ఆ ఫొటోల విషయంలో వివాదానికి తావు లేదు. వాటిలో చాలావరకు స్టూడియోలలో తీసిన బడి నాటి, కాలేజీ నాటి పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఏదో దరఖాస్తుకు అంటించడానికి తీయించినవి పెద్దవి చేసి, చట్రం కట్టించినవి. తల్లుల జుట్టు తెల్లబడింది, చూపు మందగించింది. చేతుల్లోని కుర్రవాళ్లకు మీసకట్టు ఇంకా దట్టపడలేదు.

శ్రీలంక ఉత్తర ప్రాంతంలోని కిళినొచ్చిలో తమిళ తల్లులు 2017 ఫిబ్రవరిలో రోడ్డు పక్కన పందిరి వేసుకుని దీక్షకు కూర్చున్నారు. 2009 మేలో యుద్ధం ముగిసిన రోజుల్లో తమ పిల్లలను తమ చేతులతోనే సైన్యానికి అప్పగించామని చెబుతున్నవారు వారిలో ఉన్నారు. అదృశ్యమైనవారి కోసం ఒక కార్యాలయాన్ని నెలకొల్పుతూ శ్రీలంక పార్లమెంటు 2016లోనే చట్టం చేసింది. కార్యాలయం వచ్చింది, జవాబు రాలేదు. ఢాకాలో దృశ్యం తిరగబడి ఉంటుంది. ‘మాయేర్ డాక్’ పేరిట కుటుంబాలు జరిపే సభల్లో ముందువరుసలో పిల్లలు నిలబడతారు. వారి చేతుల్లో తండ్రుల ఫొటోలుంటాయి. ఏటా అవే సభల చిత్రాలను చూసినవారికి ఆ పిల్లలు ఎదగడం తెలుస్తూనే ఉంటుంది. ఫొటోలోని తండ్రి మాత్రం అదే వయసులో ఉండిపోయాడు. పిల్లలు ఏటా ఎదగడం చూడవలసిన మనిషిని ఆ పిల్లలే ఏటా మోస్తున్నారు.

ఈ అనుభవం తెలుగువారికి పరాయిది కాదు. తెలంగాణ, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి అజ్ఞాతంలోకి వెళ్లిన యువతీయువకుల ఇళ్లలో గోడ మీద మిగిలింది చాలాచోట్ల ఇంటర్మీడియెట్ నాటి ఒక్క ఫొటో. పోలీసులు వెల కట్టి గోడలకు అంటించిన పోస్టర్లలోనూ దశాబ్దాల కిందటి అటువంటి పాత ముఖాలే కనిపించేవి. రాజ్యం వెతికిన ముఖమూ, తల్లి దాచుకున్న ముఖమూ ఒకటే. ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత ఏ ఆసుపత్రి శవాల గదిలోనో ముసలి తండ్రి ఆ పాత ఫొటోను మనసులో పెట్టుకుని, నెరిసిన జుట్టున్న ముఖాన్ని పోల్చుకోవలసి వచ్చింది. మధ్యలోని ఏళ్లకు ఆయన దగ్గర ఒక్క ఫొటో లేదు. వారి రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆ పోల్చుకోవడంలోని యాతనను కాదనలేరు.

పిల్లల ముఖాలను వయసువారీగా నమోదు చేసే పనిని ఇప్పుడు రాజ్యమే నేరుగా చేపట్టింది. ఐదేళ్లలోపు బిడ్డకు ఇచ్చే నీలిరంగు బాల ఆధార్‌లో వేలిముద్రలుండవు, కనుపాప ముద్ర ఉండదు. ఉన్నది ఫొటో ఒక్కటే, అది తల్లిదండ్రుల్లో ఒకరి సంఖ్యతో ముడిపడి ఉంటుంది. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లకు మరొకసారి ముఖాన్ని, వేళ్లను, కళ్లను మళ్లీ నమోదు చేయించాలి. ఒక విధంగా ఇదీ ఎదుగుదల ఆల్బమే, ఇంటికి కాపీ రాకపోవడమే తేడా. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు పిల్లల విషయంలో కొన్ని హద్దులు గీసింది. తల్లిదండ్రుల సమ్మతి లేనిదే నమోదు కూడదని, ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ సంక్షేమ ప్రయోజనం నిరాకరించరాదని, మేజరైన తరువాత వైదొలిగే అవకాశం ఉండాలని చెప్పింది. ఆ మేరకు 2019లో చట్టం సవరించి, పద్దెనిమిదేళ్లు నిండిన ఆరు నెలల్లోగా రద్దు కోరవచ్చునన్నారు. ఆ వెసులుబాటు ఉన్న సంగతి ఏ బడిలోనైనా పిల్లలకు చెబుతున్నారా అన్నది వేరే ప్రశ్న.

ఇంతటి నమోదుకు ప్రభుత్వాలు చెప్పే బలమైన సమర్థన తప్పిపోయిన పిల్లలను వెతకడం. ఆ అవసరం చిన్నది కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదే 83,350 మంది పిల్లలు తప్పిపోయినట్టు నమోదయింది. వారిలో 62,946 మంది ఆడపిల్లలు. తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించేంతవరకు చాలా ఠాణాల్లో పేదవారి ఫిర్యాదు కాగితం మీదికే ఎక్కేది కాదు. 2018లో తెలంగాణ పోలీసులు ‘దర్పణ్’ పేరుతో ఒక ముఖాల పోలిక సాధనాన్ని తయారుచేసి, తప్పిపోయిన పిల్లల ఫొటోలను ఆశ్రయ గృహాల్లోని పిల్లల ఫొటోలతో సరిచూడడం మొదలుపెట్టారు. రాష్ట్రాలు దాటి కొందరు పిల్లలు ఇళ్లకు చేరారు. ఒక్క బిడ్డ చేరినా అది మేలే, కాదనవలసిన పని లేదు.

అయితే యంత్రం పోల్చడానికి ముందు ఒక ఫొటో ఉండాలి. ఠాణాలో తల్లిని అడిగే మొదటి ప్రశ్నల్లో ‘ఈమధ్య తీసిన ఫొటో ఉందా’ అన్నది ఒకటి. ఇటుక బట్టీలకు వలస పోయిన కుటుంబం దగ్గర, ఫ్లైఓవరు కింద కాపురమున్న కుటుంబం దగ్గర ఆ ఫొటో ఉండే అవకాశం తక్కువ. ఉన్నా మూడేళ్ల నాటిదై ఉంటుంది, లేదా పోయిన ఫోనుతో పాటే పోయి ఉంటుంది. పిల్లల ముఖం పెద్దల ముఖంలా నిలకడైనది కాదు. పాలపళ్లు ఊడతాయి, దవడ మారుతుంది, మూడేళ్లలో మరో మనిషిలా కనిపిస్తారు. యంత్రాలు దీన్ని సులువుగా దాటలేదు. తమ సాధనం ఖచ్చితత్వం రెండు శాతమేనని ఢిల్లీ పోలీసులు 2018లో ఢిల్లీ హైకోర్టుకు చెప్పుకోవలసి వచ్చింది. మగపిల్లలనూ ఆడపిల్లలనూ కూడా అది వేరుచేయలేకపోతోందని 2019లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ అదే కోర్టుకు విన్నవించింది. ఏ ఇంట్లో ఏటా ఒక ఫొటో ఉంటుందో ఆ ఇంటి బిడ్డను వెతకడం తేలిక. ఎక్కువగా తప్పిపోయేది మాత్రం ఆ ఇళ్ల పిల్లలు కారు.

మరోవైపు డబ్బున్న ఇళ్లలో ఫొటోలకు కరువు లేదు, మోతాదే మించింది. నగరాల్లో పుట్టి పది రోజులు దాటని పసికందును వెదురు బుట్టలో ముడుచుకుని నిద్రపోతున్నట్టు అమర్చి తీసే ‘న్యూబార్న్ షూట్’ ఇప్పుడు ఒక వృత్తి. నెలనెలా ఒక ఇతివృత్తం, మొదటి పుట్టినరోజుకు చిదిమిన కేకు, ప్రతి చిత్రమూ ఆ సాయంత్రానికే లోకానికి. పాత స్టూడియో తీసిన మూడు కాపీలు ఎవరి చేతుల్లో ఉన్నాయో ఇంటివారికి తెలుసు. ఇవి ఎవరి దగ్గరకు పోయాయో తీసినవారికీ తెలియదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపువారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది. ఆ తల్లిదండ్రులే ఆ ముఖాన్ని పంచిపెడుతుంటే అది సొంత, గృహ అవసరాల కిందికి వస్తుందని పక్కకు తప్పుకుంది. ఆధార్ నుంచి వైదొలగడానికి మేజరైన బిడ్డకు ఆరు నెలలైనా ఉన్నాయి. అమ్మానాన్నలు పెట్టిన వేయి చిత్రాల నుంచి వైదొలగడానికి ఏ గడువూ లేదు.

నాయకుల ఫ్లెక్సీలనూ ఇక్కడ చెప్పుకోవాలి. గుడిసె ముందు పసిబిడ్డను ఎత్తుకున్న నేత చిత్రం మన ఎన్నికల్లో అరిగిపోయిన దృశ్యం. నేత పేరు అడుగెత్తు అక్షరాల్లో ఉంటుంది. బిడ్డ పేరు ఉండదు. పిల్లలను ప్రచారానికి ఏ రూపంలోనూ వాడరాదని, చంకనెత్తుకుని తిప్పడం కూడా అందులోకే వస్తుందని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో పార్టీలకు స్పష్టం చేసింది. హూపర్ కాలానికీ ఫ్లెక్సీల కాలానికీ మధ్య ఉద్దేశాలు మారి ఉండవచ్చు, పేదబిడ్డ ముఖం మరొకరి చెప్పుకోలుకు ఆధారమవడం మారలేదు.

స్వతంత్ర భారతంలో లోకమంతా గుర్తుపట్టే బాలల ముఖాల్లో ఒకటి భోపాల్‌ది. 1984 డిసెంబరులో విషవాయువు సోకి మరణించిన ఒక పసిబిడ్డను మట్టిలో పూడుస్తుండగా రఘురాయ్, పాబ్లో బార్తోలోమ్యూ ఇద్దరూ చిత్రించారు. తెరిచి ఉన్న ఆ కళ్లను చూసి చలించని దేశం లేదు. పాబ్లో తీసిన చిత్రానికి ఆ ఏటి ప్రపంచ పత్రికా ఛాయాచిత్ర పురస్కారం వచ్చింది. న్యాయం కోసం నాలుగు దశాబ్దాలుగా సాగిన ఉద్యమానికి ఆ ముఖమే పతాకమైంది. ఆ బిడ్డ ఎవరో ఇప్పటికీ తెలియదు. ఈ బిడ్డ మాది అని చెప్పడానికి ఇంటివారెవరూ ముందుకు రాలేదు. చెప్పడానికి మిగిలారో లేదో కూడా తెలియదు. అంతకు నెల ముందు ఏ స్టూడియోలోనో స్టూలు మీద కూర్చోబెట్టి తీసిన ఒక ఫొటో, దాని వెనుక ఒక పేరు ఎక్కడైనా ఉండి ఉంటే ఆ మరణం ప్రతీకగా కాక ఒక బిడ్డ మరణంగా నిలిచేది.

ఈ లోటును తీర్చడానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. ఏటా ప్రతి ప్రభుత్వ బడిలో, ప్రతి అంగన్‌వాడీలో ఊరి ఫొటోగ్రాఫరు చేత ఒక్కొక్క బిడ్డకూ విడిగా మంచి ఫొటో ఒకటి తీయించి, కాగితం మీద అచ్చువేయించి, వెనుక పేరు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు రాసి ఇంటికి పంపితే చాలు. దానిని ఏ సర్వరుకూ ఎక్కించనవసరం లేదు, ఏ పథకం ప్రచారానికీ వాడనవసరం లేదు. ఆ కాపీ మీద హక్కు ఇంటిది, పెద్దయ్యాక బిడ్డది. వేల కోట్లతో ముఖాలను సేకరిస్తున్న ప్రభుత్వాలకు ఈ ఖర్చు లెక్కలోకి రాదు. గిరాకీ లేక షట్టర్లు దించుకుంటున్న చిన్న స్టూడియోలకు ఏడాదిలో నాలుగు రోజుల పని దొరుకుతుంది. వలస బండి ఎక్కే తల్లి రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ సంచిలోనే బిడ్డ ఎదుగుదల వరుస కూడా ఉంటుంది. ఏదైనా ఠాణా మెట్ల మీద ఆమెను ఆ ప్రశ్న అడిగిన రోజున, తీసి చూపడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది.